అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో స్నాతకోత్తర విద్య: అరుప్పుకోట్టై ప్రాంత కుటుంబాలకు ఒక పరిచయం

మధురై నుండి తూత్తుకుడికి పోయే రహదారిలో సుమారు యాభై కిలోమీటర్ల దూరాన అరుప్పుకోట్టై ఉన్నది. ఈ పట్టణానికి, దాని చుట్టుప్రక్కల కోవిల్పట్టి, విరుదునగర్ ప్రాంత గ్రామాలకు నాయకరాజుల కాలం నుండి తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడినవి. ఇంట తెలుగు, బడిలో తమిళం, కళాశాలలో ఆంగ్లం అన్నది ఇక్కడి పిల్లల చదువు తీరు. ఇటువంటి ఇండ్ల నుండి న్యాయశాస్త్ర పట్టభద్రులైన యువతీయువకులు ఆపై ఏమి చదవాలని ఆలోచించునప్పుడు వినవచ్చే పేర్లలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం ఒకటి. పేరు ఘనంగా ఉన్నందున కొందరు ఆకర్షితులవుతారు. ఏమిటో తెలియనందున మరికొందరు భయపడతారు. పొలమో, నగలో తాకట్టు పెట్టి పిల్లలను చదివించే కుటుంబానికి ఆకర్షణ గాని, భయం గాని సరియైన ఆధారం కాదు. ఈ విద్య స్వరూపం, ప్రవేశ మార్గాలు, వ్యయం, ఫలితం ఈ వ్యాసంలో క్రమంగా వివరించబడుచున్నవి.

శాస్త్ర స్వరూపం

దేశాలకు, దేశాలకు మధ్య సంబంధాలను నియమించే న్యాయసూత్రాల సముదాయమే అంతర్జాతీయ న్యాయం. ఒక దేశంలోని శాసనాన్ని ఆ దేశపు చట్టసభ చేస్తుంది. ప్రపంచానికంతటికి అటువంటి చట్టసభ లేదు. కనుక ఈ న్యాయం ప్రధానంగా మూడు ఊటల నుండి వస్తుంది. దేశాలు తమలో తాము చేసుకొన్న ఒడంబడికలు మొదటిది. విధిగా పాటించవలసినదన్న భావంతో దేశాలు చిరకాలంగా అనుసరించుచున్న ఆచారం రెండవది. నాగరిక దేశాల న్యాయవ్యవస్థలన్నింటికి సమానమైన సాధారణ సూత్రాలు మూడవది. హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానపు శాసనంలో 38వ అధికరణం వీటిని పేర్కొంటుంది. న్యాయస్థానాల తీర్పులు, పండితుల రచనలు సహాయక సాధనాలు మాత్రమే.

భారత రాజ్యాంగంలోనూ దీనికి చోటున్నది. అంతర్జాతీయ న్యాయం పట్ల, ఒడంబడికల పట్ల గౌరవం పెంపొందించుటకు రాజ్యం ప్రయత్నించాలని 51వ అధికరణం చెబుతుంది. ఒడంబడికలను అమలు చేయుటకు దేశమంతటికి వర్తించే శాసనాలు చేసే అధికారాన్ని 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. పనిచేసేచోట స్త్రీలపై వేధింపుల నివారణకు 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శక సూత్రాలను ఇచ్చినప్పుడు, స్త్రీలపై వివక్షను రూపుమాపే ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆధారంగా తీసుకొన్నది. గ్రామంలోని చిన్న మిల్లులో పనిచేసే స్త్రీకి సైతం ఆ ఒడంబడిక ఫలం ఈ విధంగా అందినది.

ఈ ప్రాంతానికి సంబంధమేమి?

అంతర్జాతీయ న్యాయం ఢిల్లీకో, జెనీవాకో పరిమితమని చాలామంది తలుస్తారు. అది సరికాదు.

అరుప్పుకోట్టై 1985 వరకు రామనాథపురం జిల్లాలో భాగం. ఆ రామనాథపురం రాజుల జమీందారీకి చెందినదని భారత పక్షాన చెప్పబడిన కచ్చత్తీవు దీవి 1974లో భారత, శ్రీలంక ప్రభుత్వాల ఒడంబడిక వలన శ్రీలంక వైపునకు చేరినది. 1976లో జరిగిన మరొక ఒడంబడిక సముద్ర సరిహద్దును మన్నార్ సింధుశాఖకు, బంగాళాఖాతానికి విస్తరించినది. అప్పటి నుండి నేటి వరకు ఆ జలాలలో వేటకు పోయిన జాలరుల నిర్బంధం ఆగలేదు. ఒడంబడికలోని ఒక్కొక్క పదానికి ఒక్కొక్క పడవ బ్రతుకు ముడిపడి ఉన్నదనుటకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

1964 అక్టోబరులో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే చేసుకొన్న ఒప్పందం ప్రకారం సిలోను తోటలలో పనిచేసే భారత సంతతివారిలో 5,25,000 మందిని భారతదేశం, 3,00,000 మందిని సిలోను పౌరులుగా స్వీకరించాలని నిర్ణయమైనది. దక్షిణ తమిళనాడు జిల్లాలకు తిరిగివచ్చిన అనేక కుటుంబాల పౌరసత్వం ఆ కాగితం మీదనే ఆధారపడినది. తరువాతి కాలంలో యుద్ధం వలన వచ్చిన శ్రీలంక తమిళుల శిబిరాలు విరుదునగర్ జిల్లాలోనూ వెలసినవి. శరణార్థుల గురించిన 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం చేరలేదు. అందుచేత శిబిరంలో పుట్టిన బిడ్డ హక్కు ఏమిటన్న ప్రశ్నకు న్యాయవాది దేశీయ చట్టాలలోనూ, అంతర్జాతీయ సూత్రాలలోనూ సమాధానం వెదకవలసి వస్తుంది.

వ్యాపారానికి వస్తే, శివకాశి, కోవిల్పట్టి, సాత్తూరు ప్రాంతాల అగ్గిపెట్టెల పరిశ్రమ సంగతి అందరికి తెలిసినదే. బాలకార్మికుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 138వ, 182వ ఒడంబడికలను భారతదేశం 2017 జూన్‌లో ఆమోదించినది. కోవిల్పట్టి పల్లీ మిఠాయికి 2020లో లభించిన భౌగోళిక గుర్తింపు సైతం ప్రపంచ వాణిజ్య సంస్థ మేధోసంపత్తి ఒడంబడికకు అనుగుణంగా 1999లో చేయబడిన భారత చట్టం నుండి వచ్చినదే. విదేశీ కొనుగోలుదారుతో తగాదా వచ్చినప్పుడు మధ్యవర్తి తీర్పును పరదేశంలో అమలుచేయించుటకు 1958 నాటి న్యూయార్క్ ఒడంబడిక తోడ్పడుతుంది.

గల్ఫ్ దేశాలకు పోయినవారి కుటుంబాలకు మరొక సంగతి ముఖ్యం. ఐక్య అరబ్ ఎమిరేట్స్ న్యాయస్థానాలు ఇచ్చిన సివిల్ డిక్రీలను భారతదేశంలో నేరుగా అమలుపరచుటకు 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటన వెలువరించినది. అక్కడ బ్యాంకు అప్పు మిగిల్చి వచ్చినవాని ఊరి ఆస్తిపై ఆ తీర్పు ప్రభావం ఉండగలదు. ఈ విషయం తెలిసిన న్యాయవాది జిల్లా కోర్టులోనే కావలసి ఉన్నాడు.

తెలుగువారు నడచిన బాట

ఈ శాస్త్రంలో దక్షిణాదికి గట్టి పునాది ఉన్నది. 1951లో పోలిష్ సంతతి పండితుడు చార్లెస్ హెన్రీ అలెగ్జాండ్రోవిచ్ మద్రాసు విశ్వవిద్యాలయానికి వచ్చి అంతర్జాతీయ, రాజ్యాంగ న్యాయ విభాగాన్ని నెలకొల్పినాడు. పదేండ్లు అక్కడ బోధించినాడు. పదహారు నుండి పద్ధెనిమిదవ శతాబ్దాల వరకు యూరోపియన్ కంపెనీలు ఆసియా రాజులతో చేసుకొన్న సంధిపత్రాలను పరిశీలించి, ఆనాడు ఈ రాజ్యాలు న్యాయదృష్టిలో సమాన ప్రతిపత్తి గలవిగానే వ్యవహరించబడినవని అతడు 1967 నాటి తన గ్రంథంలో నిరూపింపజూచినాడు. అంతర్జాతీయ న్యాయం పడమటివారి సొత్తు అన్న అభిప్రాయాన్ని ప్రశ్నించిన రచన అది.

కృష్ణా జిల్లా వీరులపాడులో 1936లో జన్మించిన పాటిబండ్ల చంద్రశేఖరరావు మద్రాసు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించినారు. కేంద్ర ప్రభుత్వ న్యాయశాఖ కార్యదర్శిగా పనిచేసిన పిమ్మట, 1996లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఏర్పడిన అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌లో తొలి న్యాయమూర్తులలో ఒకరైనారు. 1999 నుండి 2002 వరకు దానికి అధ్యక్షులుగా ఉన్నారు. 2017 వరకు న్యాయమూర్తిగా కొనసాగినారు.

మరొక తెలుగువారు పెమ్మరాజు శ్రీనివాసరావు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొంది, భారత విదేశాంగ శాఖకు ప్రధాన న్యాయ సలహాదారుగా పనిచేసినారు. 1987 నుండి 2006 వరకు ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘంలో సభ్యులు. ఒక దేశంలో జరిగే ప్రమాదకరమైన పనుల వలన పొరుగు దేశానికి కలిగే హానిని నివారించే నియమాల రచనకు ఆ సంఘంలో వారు బాధ్యత వహించినారు. మలేషియా, సింగపూర్ దేశాల నడుమ పెద్రా బ్రాంకా దీవి గురించి జరిగిన వ్యాజ్యంలో సింగపూర్ తరఫున తాత్కాలిక న్యాయమూర్తిగా అంతర్జాతీయ న్యాయస్థానంలో కూర్చున్నారు. 2008లో ఆ తీర్పు వెలువడినది.

ఈ ఇరువురు తెలుగువారి పేర్లు ఒకే వ్యాజ్యంలో కలసినవి. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి సుమారు 20 నాటికల్ మైళ్ల దూరంలో ఎన్‌రికా లెక్సీ అన్న ఇటలీ నూనె ఓడ మీద నుండి ఆ దేశపు నౌకాదళ సైనికులు జరిపిన కాల్పులలో సెయింట్ ఆంటొనీ అన్న పడవలోని ఇద్దరు జాలరులు మరణించినారు. వారిలో ఒకరు తమిళనాడుకు చెందినవారు. దేశపు ప్రాదేశిక జలాలు 12 నాటికల్ మైళ్లతో ముగుస్తాయి. కనుక ఆ చోట విచారణాధికారం ఎవరిదన్నదే మొదటి చిక్కు అయినది. 2015లో ఇటలీ ఈ తగాదాను 1982 నాటి సముద్ర న్యాయ ఒడంబడిక క్రింద మధ్యవర్తుల మండలికి తీసుకొనిపోయినది. ఆ మండలిలో భారతదేశం నియమించిన సభ్యులు చంద్రశేఖరరావు. 2018 అక్టోబరులో వారు మరణించగా ఆ స్థానంలో శ్రీనివాసరావు వచ్చినారు.

2020 మే 21న తీర్పు వచ్చినది. సైనికులు ప్రభుత్వోద్యోగులుగా తమ విధి నిర్వహణలో ఉన్నందున వారిని భారత కోర్టులు విచారించరాదని మండలి ముగ్గురు, ఇద్దరు చొప్పున చీలి నిర్ణయించినది. శ్రీనివాసరావు దీనితో విభేదించినారు. అయితే భారతదేశపు నౌకాయాన స్వేచ్ఛకు ఇటలీ భంగం కలిగించినదని, నష్టపరిహారం చెల్లించాలని మండలి తేల్చినది. ఇటలీ పది కోట్ల రూపాయలు చెల్లించిన పిమ్మట 2021 జూన్‌లో సుప్రీంకోర్టు వ్యాజ్యాన్ని ముగించినది. మృతుల కుటుంబాలకు నాలుగేసి కోట్లు, పడవ యజమానికి రెండు కోట్లు నిర్ణయించబడినవి. ఈ విద్య చదివినవారి పని ఎటువంటిదో, దాని బలమెంతో, దాని హద్దు ఎక్కడో ఈ ఒక్క వ్యాజ్యం వలన గ్రహించవచ్చును.

ప్రవేశ మార్గాలు

ఈ స్నాతకోత్తర విద్యలో చేరుటకు ముందు న్యాయశాస్త్ర పట్టా అవసరం. పన్నెండవ తరగతి తరువాత ఐదేండ్లు, లేదా మరేదైనా పట్టా తరువాత మూడేండ్లు చదివి ఆ పట్టాను పొందవచ్చును. అరుప్పుకోట్టై వారికి మధురై ప్రభుత్వ న్యాయ కళాశాల దగ్గరిది. అది 1974లో ప్రారంభమైనది. కోవిల్పట్టి వారికి తిరునల్వేలి కళాశాల అనుకూలం. 2017 నుండి రామనాథపురంలోనూ ప్రభుత్వ న్యాయ కళాశాల ఉన్నది.

ఆ పిమ్మట తమిళనాడులో ముఖ్యమైన మార్గం చెన్నైలోని తమిళనాడు డాక్టర్ అంబేద్కర్ న్యాయ విశ్వవిద్యాలయం. అక్కడ అంతర్జాతీయ న్యాయం, అంతర్జాతీయ సంస్థలు అన్న ప్రత్యేక శాఖలో రెండేండ్ల ఎల్.ఎల్.ఎం. ఉన్నది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం కావున జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలతో పోల్చినచో వ్యయం తక్కువ.

రెండవ మార్గం జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు. తిరుచ్చి, బెంగళూరు, హైదరాబాదు నల్సార్, విశాఖపట్నం దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం మొదలైనవాటిలో ఏడాది ఎల్.ఎల్.ఎం. నడచుచున్నది. వీటికి క్లాట్ స్నాతకోత్తర ప్రవేశ పరీక్ష వ్రాయాలి. రెండు గంటలలో 120 ప్రశ్నలు ఉంటాయి. తప్పు సమాధానానికి పావు మార్కు తగ్గిస్తారు. రాజ్యాంగం, ఒప్పందాలు, నేరశాస్త్రం మొదలగు పాఠ్యాంశాలతోపాటు అంతర్జాతీయ న్యాయం కూడ ఉంటుంది. పట్టాలో సాధారణ వర్గాలకు 50 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగలకు 45 శాతం మార్కులు ఉండాలి. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఐలెట్ అన్న ప్రత్యేక పరీక్ష కలదు. ఇటీవలి సంవత్సరాలలో ఈ పరీక్షలు డిసెంబరులో జరుగుచున్నవి. అందుచేత పట్టా చివరి సంవత్సరం ఆరంభంలోనే సన్నాహం మొదలుపెట్టుట మంచిది.

మూడవది ఢిల్లీలోని దక్షిణాసియా విశ్వవిద్యాలయం. సార్క్ దేశాలు కలసి స్థాపించిన ఈ సంస్థలో 2010 నుండి తరగతులు జరుగుచున్నవి. ఇక్కడి ఎల్.ఎల్.ఎం. ప్రధానంగా అంతర్జాతీయ న్యాయానికి సంబంధించినదే. శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్ విద్యార్థులతో ఒకే తరగతిలో కూర్చొని చదవడం ఇక్కడి ప్రత్యేకత.

పూర్తి పట్టాకు వీలుకానివారు 1959లో స్థాపించబడిన భారత అంతర్జాతీయ న్యాయ సంఘం వారి ఏడాది డిప్లొమాలను పరిశీలించవచ్చును. ఐక్యరాజ్యసమితి శ్రవ్యదృశ్య గ్రంథాలయంలో ప్రపంచ ప్రసిద్ధ పండితుల ఉపన్యాసాలు అంతర్జాలంలో ఉచితంగా లభిస్తాయి. ఈ చదువుపై నిజంగా ఆసక్తి ఉన్నదో లేదో రూపాయి ఖర్చు లేకుండ తెలుసుకొనుటకు అవి మంచి సాధనం.

విదేశీ విద్య, ధన సహాయం

నెదర్లాండ్స్‌లోని లైడెన్, ఇంగ్లండులోని కేంబ్రిడ్జి, స్విట్జర్లాండులోని జెనీవా నగరాల విద్యాసంస్థలు ఈ శాస్త్రానికి పేరు పొందినవి. సముద్ర న్యాయానికి మాల్టాలో అంతర్జాతీయ నౌకా సంస్థ ఆధ్వర్యంలో 1988లో స్థాపించబడిన ప్రత్యేక విద్యాలయం నడచుచున్నది. ఇంగ్లండు, అమెరికాలలో ఏడాది విద్యకు బోధన రుసుము, బస, భోజనం కలిపి ముప్పై లక్షల రూపాయలకు మించుట సాధారణం. కనుక ఉపకార వేతనం లేకుండ బయలుదేరుట గ్రామీణ కుటుంబానికి పెద్ద సాహసమే.

ఉపకార వేతనాలలో ముఖ్యమైనవి ఇవి. బ్రిటిష్ ప్రభుత్వపు చీవ్‌నింగ్ వేతనానికి రెండేండ్ల పని అనుభవం కావాలి. చదువు ముగిసిన పిమ్మట స్వదేశంలో రెండేండ్లు ఉండాలి. అమెరికాకు సంబంధించిన ఫుల్‌బ్రైట్–నెహ్రూ స్నాతకోత్తర వేతనానికి మూడేండ్ల అనుభవం అవసరం. అంతర్జాతీయ న్యాయ అధ్యయనం అందులో ఒక విభాగం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే జాతీయ విదేశీ ఉపకార వేతనం షెడ్యూల్డు కులాలు, సంచార తెగలు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు ఉద్దేశించబడినది. కుటుంబ వార్షికాదాయం ఎనిమిది లక్షలు మించరాదు. ఈ ప్రాంతపు కూలీ, చేతివృత్తి కుటుంబాలు ఈ చివరి పథకపు నిబంధనలను శ్రద్ధగా చదువుకొనవలెను.

విద్యారుణం తీసుకొనువారు ఒక హద్దును గుర్తుంచుకోవాలి. హామీ నిధి పథకం క్రింద ఏడున్నర లక్షల రూపాయల వరకు తాకట్టు లేకుండ ఋణం పొందవచ్చును. అంతకు మించినప్పుడు సాధారణంగా బ్యాంకులు ఇల్లో, భూమియో హామీగా అడుగుతాయి. ఋణపత్రంపై సహ ఋణగ్రహీతగా సంతకం చేసే తండ్రి లేక తల్లి కూడ పూర్తి మొత్తానికి బాధ్యులే.

చదువు ముగిసిన పిమ్మట

ఇక్కడ నిర్మొగమాటంగా తెలియవలసిన సంగతులు నాలుగు ఉన్నవి.

మొదటిది. న్యాయవాదిగా పనిచేయుటకు ఎల్.ఎల్.ఎం. అవసరం లేదు. 1961 నాటి న్యాయవాదుల చట్టం ప్రకారం పట్టా, బార్ కౌన్సిల్ నమోదు, అఖిల భారత బార్ పరీక్ష ఉంటే చాలు. నల్లకోటు వేసుకొనుటకే ఈ చదువు అనుకొన్న కుటుంబం అనవసర వ్యయం చేసినట్లే.

రెండవది. సివిల్ జడ్జి పదవికి కనీసం మూడేండ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలన్న నియమాన్ని 2025 మే 20న సుప్రీంకోర్టు పునరుద్ధరించినది. జడ్జి కావాలన్న కోరిక గలవారు పై చదువు, కోర్టు అనుభవం ఈ రెండింటి క్రమాన్ని ముందే నిర్ణయించుకోవాలి.

మూడవది. ఉద్యోగాలలో అధికభాగం బోధన రంగంలోనివే. న్యాయ కళాశాలలో సహాయ ఆచార్య పదవికి స్నాతకోత్తర పట్టాలో 55 శాతం మార్కులతోపాటు సాధారణంగా నెట్ పరీక్షలో ఉత్తీర్ణత కావాలి. రిజర్వు వర్గాలకు మార్కులలో సడలింపు ఉన్నది. విదేశాలలో ఏడాది పట్టా పొంది ఇక్కడ బోధించదలచినవారు ఆ పట్టాకు ఇక్కడ సమాన గుర్తింపు ఉన్నదో లేదో చేరకముందే లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి.

నాల్గవది. విదేశాంగ శాఖ న్యాయ, ఒడంబడికల విభాగంలోను, ఐక్యరాజ్యసమితి సంస్థలలోను పదవులు బహు స్వల్పం. వాటినే గురిగా పెట్టుకొనుట తప్పు కాదు. వాటినే నమ్ముకొని ఇల్లు తాకట్టు పెట్టుట తప్పు. వాణిజ్య మధ్యవర్తిత్వం, నౌకా వ్యాపారం, మేధోసంపత్తి, వలస కార్మికుల వ్యాజ్యాలు మొదలైన రంగాలలో అవకాశాలు విస్తృతం. తూత్తుకుడి రేవు ఈ ప్రాంతానికి చేరువలోనే ఉన్నది. మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం 2004 జూలై నుండి పనిచేయుచున్నది. విరుదునగర్, తూత్తుకుడి జిల్లాల వ్యాజ్యాలు అక్కడికే పోతాయి. సముద్ర సరిహద్దులో చిక్కుకొన్న జాలరుల పిటిషన్లు గాని, శరణార్థుల పౌరసత్వ వ్యాజ్యాలు గాని వాదించుటకు ఢిల్లీ పోనవసరం లేదు.

భాష సంగతి

తమిళ మాధ్యమంలో చదివిన తెలుగు పిల్లలకు ఈ చదువులో మొదటి అడ్డంకి ఆంగ్లమే. పాఠ్యగ్రంథాలు, తీర్పులు అన్నీ ఆంగ్లంలో ఉంటాయి. పట్టా చదువు రోజులలోనే వారానికొక తీర్పును సంపూర్ణంగా చదివి, సారాంశాన్ని ఒక పుటలో వ్రాసే అలవాటు చేసుకొన్నచో ఈ కొరత రెండు మూడేండ్లలో తీరగలదు. ఇంట తెలుగు, వీధిలో తమిళం తెలిసినవారికి ఒక మేలు కూడ ఉన్నది. జాలరితోను, శరణార్థితోను, గల్ఫ్ నుండి తిరిగివచ్చిన కూలీతోను వారి మాటలోనే మాట్లాడి, ఆ బాధను న్యాయస్థానపు భాషలో వ్రాయగలిగిన న్యాయవాదులు అరుదు.

కుటుంబం చేయవలసిన పని

తల్లిదండ్రులు ముందుగా మూడు ప్రశ్నలకు సమాధానం రాబట్టాలి. విద్యార్థి బోధన, న్యాయవాద వృత్తి, ప్రభుత్వ సేవ, ఈ మూడింటిలో దేనిని కోరుచున్నాడు? స్వదేశంలో తక్కువ వ్యయంతో ఆ గమ్యం చేరే వీలున్నదా? ఉద్యోగం రెండేండ్లు ఆలస్యమైనచో ఋణపు వాయిదాలు ఎవరు కట్టగలరు? కుమార్తె విషయంలోనూ ఇవే ప్రశ్నలు అడగాలి. పెండ్లి ఖర్చును, చదువు ఖర్చును ఒకదానికొకటి పోటీపెట్టి ఆమె చదువును మాత్రమే ఆపివేయుట న్యాయం కాదు.

వీరులపాడు వంటి గ్రామంలో పుట్టినవారు హాంబర్గ్‌లో ప్రపంచ దేశాల తగాదాలు తీర్చే పీఠంపై కూర్చున్నారు. అందరికి ఆ పీఠం దొరకదు. అయితే కచ్చత్తీవు సమీపంలో పట్టుబడిన పడవ కాగితాలను సరిగా చదవగలవారు, గల్ఫ్ కోర్టు తాఖీదు చేతబట్టుకొని వచ్చిన కుటుంబానికి నిజం చెప్పగలవారు ఈ జిల్లాలకు ఎప్పుడూ అవసరమే. ఆ పనికి సిద్ధపడి, వ్యయాన్ని లెక్కచూచుకొని చేరినవారికి ఈ విద్య నిష్ఫలం కాదు.